మా వాడికి టాన్సిల్స్ ఆపరేషన్: మత్తు ఎంత లోతుగా ఉందో వాళ్లకి ఎలా తెలుస్తుంది?

బోడుప్పల్_నాన్న
మా వాడికి ఐదేళ్లు నిండాయి, 18 కిలోలు. టాన్సిల్స్, అడినాయిడ్స్ రెండూ తీసేయాలన్నారు. వచ్చే గురువారం. ఆపరేషన్ అవసరమా కాదా అన్న అనుమానం నాకు లేదు. రాత్రి గురక ఎంతలా పెడతాడంటే పక్క గదిలోంచి మా నాన్న లేచి వచ్చి "వాడు ఊపిరి తీస్తున్నాడా" అని చూసి వెళ్తాడు. మధ్యలో గురక ఆగిపోతుంది, మేం లెక్కపెడుతూ ఉంటాం, తర్వాత ఉలిక్కిపడ్డట్టు గాలి పీలుస్తాడు.

నా బాధ మత్తు గురించి. నిన్న పీఏసీకి, అంటే మత్తుకి ముందు చేసే చెకప్‌కి వెళ్లాం. అమెరికాలో ఉన్న మా బావమరిది "బిస్ మానిటర్ పెడతారా అని అడుగు, లేదంటే సంతకం పెట్టకు" అన్నాడు. అడిగాను. ఆ డాక్టరమ్మ నవ్వి "ఈ కేసుకి అక్కర్లేదండి, మేం చూసుకుంటాం" అని తర్వాతి పేషెంట్‌ని పిలిచింది. మొత్తం నాలుగు నిమిషాలు. ఇంటికొచ్చాక టెన్షన్ మొదలైంది. మధ్యలో మెలకువ వస్తే? నోట్లో ట్యూబ్ ఉంటే వాడు అరవను కూడా అరవలేడు కదా? పోనీ మత్తు ఎక్కువైతే? ఆ "చూసుకుంటాం"లో అసలు ఏం చూస్తారు?

రెండు రోజులుగా ముక్కు కూడా కారుతోంది. వాడికి అది మామూలే అనుకోండి.

ఉస్మానియా_బిస్కెట్
బావమరిది డాక్టరా?

బోడుప్పల్_నాన్న
సాఫ్ట్‌వేర్.

ఉస్మానియా_బిస్కెట్
అనుకున్నా.

సైనిక్‌పురి_అమ్మ
మా పాపకి పోయినేడాది ఇదే ఆపరేషన్ అయింది, ఆరేళ్లప్పుడు. మాకు కూడా బిస్ పెట్టలేదు, ఏం కాలేదు. నేను భయపడింది ఆపరేషన్ తర్వాత. రికవరీలో కళ్లు తెరిచింది గానీ నన్ను గుర్తుపట్టలేదు. కాళ్లతో తన్నడం, చేతికున్న కాన్యులా లాగడం, "నువ్వు కాదు, మా అమ్మ కావాలి" అని అరవడం. పూనకం వచ్చినట్టే. ఇరవై నిమిషాలు అలా ఉండి మళ్లీ నిద్రపోయింది. లేచాక "అమ్మా, ఆకలి" అంది. ఏమీ గుర్తులేదు. మందు ఎక్కువైందేమో అని ఆ ఇరవై నిమిషాలు నేను చచ్చి బతికాను. ముందే ఎవరైనా ఒక్క మాట చెప్పి ఉంటే బాగుండేది.

తలవైపు_కుర్చీ
ఇరవై ఏళ్లుగా మత్తు డాక్టర్ని. బోడుప్పల్ నాన్న గారూ, మీ డాక్టర్ చెప్పింది తప్పు కాదు. చెప్పిన తీరు బాగాలేదు, అంతే.

బిస్ అంటే నుదుటి మీద అంటించే పట్టీ. మెదడులోని విద్యుత్ తరంగాలను చదివి, లెక్క కట్టి 0 నుంచి 100 మధ్యలో ఒక అంకె చూపిస్తుంది. పూర్తి మెలకువలో 100కి దగ్గరగా ఉంటుంది, ఆపరేషన్‌లో 40 నుంచి 60 మధ్య ఉంచుతాం. చిక్కేమిటంటే ఆ లెక్క పెద్దవాళ్ల మెదడు మీద కట్టింది. ఏడాది లోపు పిల్లల తరంగాలే వేరు, వాళ్లలో ఆ అంకెను నమ్ముకోలేం. ఐదేళ్లవాడిలో కాస్త నమ్మొచ్చు. అయినా మందుని బట్టి మారుతుంది. కెటమిన్ ఇస్తే బిడ్డ గాఢనిద్రలో ఉన్నా అంకె పైకి పోతుంది.

మీ వాడికి చాలావరకు సెవోఫ్లూరేన్ అనే గ్యాస్‌తో చేస్తారు. ఊపిరి వదిలిన ప్రతిసారీ అందులో ఆ గ్యాస్ ఎంత శాతం ఉందో మా మిషన్ కొలుస్తుంది. ఊపిరి చివర్లో వచ్చే గాలి ఊపిరితిత్తుల అడుగు నుంచి వస్తుంది కాబట్టి, మెదడుకి ఎంత అందుతోందో చెప్పడానికి అది మంచి లెక్క. కోత పెట్టినప్పుడు సగం మంది కదలకుండా ఉండే మోతాదుని మ్యాక్ అంటాం. పెద్దవాళ్లలో సెవోఫ్లూరేన్‌కి అది సుమారు 2 శాతం. మీ వాడి వయసులో 2.5. నెలల పిల్లల్లో 3 దాటుతుంది. చిన్నపిల్లలకి కొంచెం మత్తు చాలనుకుంటారు చాలామంది, గ్యాస్ శాతంలో చూస్తే వాళ్లకే ఎక్కువ కావాలి.

దీంతోపాటు గుండె వేగం, బీపీ, ఆక్సిజన్ శాచురేషన్, వదిలే గాలిలో కార్బన్ డయాక్సైడ్, కంటిపాప, కన్నీళ్లు. ఒక్క అంకె మీద ఎవరూ కూర్చోరు. గ్యాస్ లేకుండా నరంలోకి ఇచ్చే మత్తుమందు ప్రొపోఫాల్ డ్రిప్ మీదే మొత్తం నడిపితే మాత్రం బిస్ లాంటిది బాగా పనికొస్తుంది, ఎందుకంటే రక్తంలో ప్రొపోఫాల్ ఎంత ఉందో ఊపిరి ద్వారా కొలిచే మిషన్ ఓటీల్లో (ఆపరేషన్ థియేటర్లలో) మామూలుగా ఉండదు.

సైనిక్‌పురి అమ్మ గారూ, మీ పాపకి వచ్చింది ఎమర్జెన్స్ డెలీరియం. సెవోఫ్లూరేన్ తర్వాత రెండు నుంచి ఐదారేళ్ల పిల్లల్లో తరచూ చూస్తాం. మందు ఎక్కువైనందుకు కాదు. శరీరం లేచింది, మెదడు ఇంకా పూర్తిగా లేవలేదు. ముందే చెప్పకపోవడం మాదే పొరపాటు.

ఉస్మానియా_బిస్కెట్
పొట్టివాడికి పుట్టెడు మత్తు అన్నమాట.

డేటా_ఏదీ
డాక్టర్ గారు బాగా వివరించారు గానీ అసలు ప్రశ్న దాటేశారు. మధ్యలో మెలకువ వచ్చే అవకాశం ఎంత? 2005లో మెల్‌బోర్న్‌లో 5 నుంచి 12 ఏళ్ల పిల్లలు 864 మందిని ఆపరేషన్ తర్వాత విడివిడిగా అడిగారు. ఏడుగురికి మెలకువ వచ్చినట్టు తేలింది. 0.8 శాతం. అది చిన్న సంఖ్య కాదు. "మేం చూసుకుంటాం" అంటే ఎలా?

తలవైపు_కుర్చీ
దాటేయలేదు, భయపెట్టడం ఇష్టంలేక ఆగాను. మీరు చెప్పిన అధ్యయనం నిజమే. ఇంకోవైపు 2014లో బ్రిటన్, ఐర్లాండ్ దేశాలంతటా లెక్క తీశారు, నాప్-5 అంటారు. అక్కడ అన్ని వయసులూ కలిపి 19,000 మందిలో ఒకరు. పిల్లల్లో ఇంకా తక్కువ.

డేటా_ఏదీ
అక్కడ ఎవరినీ అడగలేదు కదా. వాళ్లంతట వాళ్లొచ్చి చెప్పినవే లెక్కపెట్టారు. అడిగితే 0.8 శాతం, అడక్కపోతే దాదాపు సున్నా. ఐదేళ్లవాడు తనంతట తానొచ్చి "నాకు మధ్యలో స్పృహ వచ్చింది డాక్టర్" అంటాడా?

తలవైపు_కుర్చీ
అనడు. ఆ మాట ఒప్పుకుంటాను. నాప్-5లోనే చిన్నప్పటి సంగతిని పెద్దయ్యాక వచ్చి చెప్పినవాళ్లున్నారు. కాకపోతే మెల్‌బోర్న్ ఏడుగురి ప్రవర్తన ఆపరేషన్ తర్వాత మిగతా పిల్లల కంటే పెద్ద తేడాగా ఏమీ లేదు. పైగా రికవరీ గదిలో విన్న మాటల్ని పిల్లలు ఓటీలో విన్నామని చెప్పడం నేనే చూశాను. ఒకమ్మాయి "డాక్టర్ సమోసా తెప్పించమన్నాడు" అంది. మేం హడలిపోయాం. తీరా చూస్తే అన్నది రికవరీలో ఉన్న వార్డ్‌బాయ్.

అసలు అపాయం కండరాలు కదలకుండా చేసే మందు ఇచ్చినప్పుడు. అది లేకపోతే మత్తు తేలికైనప్పుడు బిడ్డ ముందు కదులుతాడు, మాకు తెలిసిపోతుంది. అది ఇస్తే కదలిక అనే గుర్తు పోతుంది, మిగతా గుర్తుల మీద కన్ను ఇంకా గట్టిగా పెట్టాలి. బోడుప్పల్ నాన్న గారు అడగాల్సింది బిస్ గురించి కాదు, "గ్యాస్ శాతం కొలిచే మానిటర్ ఉందా, క్యాప్నోగ్రాఫ్ ఉందా" అని. క్యాప్నోగ్రాఫ్ అంటే వదిలే గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ని గీతగా చూపించేది.

నల్లకుంట_బామ్మ
మా రోజుల్లో మాస్క్ మీద మందు చుక్కలు వేసి "ఒకటి, రెండు లెక్కపెట్టు" అనేవాళ్లు. నేను పదకొండు దాకా వెళ్లాను. ఇప్పటికీ ఆ వాసన వస్తే కడుపులో తిప్పుతుంది.

తలవైపు_కుర్చీ
ఈథర్ అయ్యుంటుందమ్మా. దాంతో లోతు నెమ్మదిగా పెరిగేది కాబట్టి కనుగుడ్ల కదలిక, ఊపిరి తీరు చూసి మెట్లు మెట్లుగా గుర్తుపట్టేవాళ్లు. గుడెల్ అనే ఆయన గీసిన మెట్ల పట్టిక మేమూ బట్టీపట్టాం. సెవోఫ్లూరేన్‌తో ఆ మెట్లన్నీ నిమిషంలో దాటేస్తాం.

కోఠీ_పాతపుస్తకాలు
ఇక్కడ ఒక్క ముక్క చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. మత్తులో ఉన్నవాడి నాడి చూడాలా, ఊపిరి చూడాలా అని ప్రపంచమంతా కొట్టుకున్న గొడవ మన హైదరాబాద్‌లోనే పెద్దదైంది.

1848లో ఇంగ్లండ్‌లో హన్నా గ్రీనర్ అనే పదిహేనేళ్ల అమ్మాయి, కాలి గోరు తీయడానికి క్లోరోఫామ్ ఇస్తే చనిపోయింది. అప్పట్నుంచి గుండె ఆగి పోతున్నారా, ఊపిరి ఆగి పోతున్నారా అని వాదన. ఇక్కడ రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ "ఊపిరే ముందు ఆగుతుంది, నాడి మీద చెయ్యి పెట్టి కూర్చుంటే లాభం లేదు" అనేవాడు. ఆరో నిజాం డబ్బుతో 1888లో ఒక కమిషన్, 1889లో రెండోది. ఆ రెండోదానికి లాన్సెట్ పత్రిక తన మనిషిని పంపడానికి నిజామే వెయ్యి పౌండ్లు ఇచ్చాడు. లండన్ నుంచి లాడర్ బ్రంటన్ వచ్చాడు. కుక్కల మీద, కోతుల మీద వందల ప్రయోగాలు. లారీదే నిజమని తేల్చారు. ఆయన శిష్యురాలు రూపాబాయి ఫర్దూంజీ ఇక్కడే క్లోరోఫామ్ ఇచ్చేది. ప్రపంచంలో మత్తు ఇచ్చిన తొలి మహిళా డాక్టర్లలో ఆమె ఒకరు. 1909లో ఎడింబరో వెళ్లి మళ్లీ చదువుకుంది.

డేటా_ఏదీ
మరి లారీ చెప్పింది నిజమేనా?

కోఠీ_పాతపుస్తకాలు
సగమే. 1911లో గుడ్‌మన్ లెవీ అనే ఆయన, తేలికపాటి క్లోరోఫామ్‌లో ఉన్నప్పుడు గుండె లయ తప్పి ఒక్కసారిగా ఆగగలదని చూపించాడు. మన కమిషన్ గుండెని మరీ నిర్దోషిగా వదిలేసింది. కానీ "ఊపిరి మీంచి కన్ను తీయకు" అన్న మాట మాత్రం నిలబడింది.

తలవైపు_కుర్చీ
పిల్లల విషయంలో ఇప్పటికీ ఆ మాటే. అందుకే నాన్నగారూ, మీరు లోతు గురించి అడిగారు, నేను మీ వాడి ముక్కు గురించి అడుగుతాను. జ్వరం ఉందా? చీమిడి నీళ్లలా ఉందా, పచ్చగా చిక్కగా ఉందా? దగ్గినప్పుడు ఛాతీలో గరగర ఉందా? ఇంట్లో ఎవరైనా సిగరెట్ తాగుతారా?

బోడుప్పల్_నాన్న
జ్వరం లేదు. నిన్నటిదాకా నీళ్లలా ఉంది, ఈరోజు పచ్చగా మారింది. రాత్రి నుంచి తడి దగ్గు. సిగరెట్ మా నాన్న తాగుతాడు, కానీ బాల్కనీలో.

ఉస్మానియా_బిస్కెట్
బాల్కనీ ఏ ఊళ్లో ఉంది?

బోడుప్పల్_నాన్న
సరే, అర్థమైంది. కానీ మా వాడికి ముక్కు కారకుండా ఉన్న వారం ఈ ఏడాదిలో లేదు. అడినాయిడ్స్ వల్లే కదా అది? ఆ లెక్కన ఎప్పటికీ ఆపరేషన్ చేయలేం.

తలవైపు_కుర్చీ
మంచి పాయింట్. రోజూ కారే నీళ్ల ముక్కుతో చేస్తాం, లేకపోతే సగం టాన్సిల్ కేసులు ఎప్పటికీ అవ్వవు. పచ్చ కఫం, తడి దగ్గు కొత్తగా మొదలైతే అది వేరే సంగతి.

ఎందుకో చెప్తాను. పిల్లలు కిలో లెక్కన మనకంటే రెట్టింపు ఆక్సిజన్ ఖర్చు చేస్తారు, ఊపిరితిత్తుల్లో నిల్వ తక్కువ. ఆక్సిజన్ బాగా పట్టించాక ఊపిరి ఆగితే, పెద్దవాళ్లకి చాలా నిమిషాల వ్యవధి ఉంటుంది. నెలల బిడ్డకి నిమిషంన్నర. దానికితోడు పెద్ద తల, పెద్ద నాలుక, పైకి ఉండే స్వరపేటిక. జలుబుతో గొంతు చిరాకుగా ఉన్నప్పుడు, మత్తు సగం లోతులో ఉండగా స్వరతంత్రుల మీద ఒక చుక్క ఉమ్మి పడితే చాలు, అవి తలుపు వేసుకున్నట్టు మూసుకుపోతాయి. లారింగోస్పాజం. ఛాతీ ఎగురుతుంది, గాలి పోదు. ఆ క్షణంలో దవడ ముందుకెత్తి, మాస్క్ బిగించి, ఆక్సిజన్ ఒత్తిడితో పట్టి ఉంచుతాం. వదలకపోతే ప్రొపోఫాల్, ఇంకా వదలకపోతే కండరాలు సడలించే సక్సినైల్‌కోలిన్. చాలాసార్లు అరనిమిషంలో తెరుచుకుంటుంది. ఆ అరనిమిషం మాకెంత పొడుగో చెప్పలేను.

కాబట్టి లోతు ఒక గొడవ, ఊపిరి ఇంకో గొడవ అనుకోకండి. పిల్లల్లో మత్తు తేలికైతే ఆ దెబ్బ ముందు గొంతుకే తగులుతుంది. రేపే ఆసుపత్రికి ఫోన్ చేసి దగ్గు సంగతి చెప్పండి. గురువారం పొద్దున దాకా దాచకండి.

ఎల్‌బీనగర్_లేట్‌నైట్
లారింగోస్పాజం అనే మాట నేను మొదటిసారి చూసింది మా బాబు డిశ్చార్జి కాగితం మీద. ఆసుపత్రి పేరు రాయను. హెర్నియా ఆపరేషన్, అరగంట అన్నారు, గంటన్నర అయింది. బయటికొచ్చిన సర్జన్ "అంతా ఓకే" అన్నాడు. నాలుగు రోజుల తర్వాత ఇన్సూరెన్స్ కోసం కాగితాలు తిరగేస్తుంటే రెండో పేజీలో ఒక లైను: ట్యూబ్ తీశాక లారింగోస్పాజం, శాచురేషన్ 62కి పడింది, మందులతో సర్దుకుంది. 62! నా కొడుక్కి. నాకు చెప్పాల్సిన అవసరం ఎవరికీ కనిపించలేదు. అడగడానికి వెళ్తే "సర్దుకుంది కదా, ఇప్పుడెందుకు" అన్నారు.

ఓటీ_రెండో_షిఫ్ట్
ఓటీ టెక్నీషియన్‌ని. అన్నా, మీ కోపం సబబే. కానీ అది కాగితం మీద రాశారంటే ఆ డాక్టర్ నిజాయితీపరుడే. రాయకుండా వదిలేసేవాళ్లూ ఉంటారు.

డేటా_ఏదీ
రాయడం గొప్పా? చెప్పడం కనీస ధర్మం.

సైనిక్‌పురి_అమ్మ
జరిగింది జరిగినట్టు అన్నీ చెప్తే తట్టుకోగలమా? నాకైతే 62 అని చెప్పి ఉంటే అక్కడే పడిపోయేదాన్ని.

ఎల్‌బీనగర్_లేట్‌నైట్
పడిపోయినా తెలియాలక్కా. ఎందుకంటే తర్వాతి ఏడాది వాడికి చెయ్యి విరిగింది. ఆ కాగితం తీసుకెళ్లి వేరే చోట మత్తు డాక్టర్‌కి చూపించాను. ఆవిడ రెండుసార్లు చదివింది. వాడిని పూర్తిగా పడుకోబెట్టకుండా చంక దగ్గర నరాలకి ఇంజెక్షన్ ఇచ్చి, పైన కొంచెం నిద్రమందుతో చేసింది. గొంతులో ట్యూబే వేయలేదు. ఆ లైను నాకు దొరక్కపోయి ఉంటే?

తలవైపు_కుర్చీ
దీనికి మా వైపు నుంచి సమాధానం లేదు. చెప్పాలి. నేనూ మొదట్లో చెప్పేవాణ్ని కాదు, సర్జన్ చూసుకుంటాడులే అనుకునేవాణ్ని. ఇప్పుడు బయటికొచ్చి కూర్చుని చెప్తాను.

కాపలాదారు
ఆసుపత్రుల పేర్లు, డాక్టర్ల పేర్లు రాయొద్దు. ఒక పోస్టు తీసేశాను. చర్చ బాగుంది, కానివ్వండి.

ఓటీ_రెండో_షిఫ్ట్
టాన్సిల్ కేసు బయట చిన్నదని పేరు, మాకు కాదు. సర్జన్‌కి నోరు కావాలి, మత్తు డాక్టర్‌కీ అదే నోరు కావాలి. ట్యూబ్ గడ్డం మీదుగా కిందికి వంగి ఉండేది వాడతాం. నోరు తెరిచి ఉంచడానికి ఇనుప గ్యాగ్ పెడతారు. అది బిగించేటప్పుడే అసలు సంగతి. పోయిన నెల ఒక పాప. గ్యాగ్ ఒక్క మెట్టు బిగించగానే క్యాప్నోగ్రాఫ్ మీద గీత మారింది. మామూలుగా అది పెట్టెలా నిటారుగా లేచి, పైన చదునుగా ఉంటుంది. ఆ చదును పోయి సొరచేప రెక్కలా వాలింది. గాలి పంపే బ్యాగ్ నొక్కుతుంటే గట్టిగా తగులుతోంది. మత్తు మేడమ్ తల కూడా ఎత్తకుండా "సార్, గ్యాగ్ వదలండి" అంది. వదిలారు, గీత మళ్లీ పెట్టె అయింది. గ్యాగ్ కింద ట్యూబ్ నలిగింది, అంతే. శాచురేషన్ అప్పటికి 99 మీదే ఉంది. అది పడేదాకా ఆగి ఉంటే ఆలస్యమయ్యేది.

ఉస్మానియా_బిస్కెట్
ట్యూబ్ సైజు ఎలా తెలుస్తుంది? చెప్పుల షాపులోలా కాలు పెట్టి చూడలేరు కదా.

ఓటీ_రెండో_షిఫ్ట్
వయసుని 4తో భాగించి 3.5 కలుపు, బెలూన్ ఉన్న ట్యూబ్‌కి. బెలూన్ లేనిదానికి 4 కలుపు. ఐదేళ్లకి 4.75 వస్తుంది, అలాంటి సైజు లేదు కాబట్టి 4.5, 5 రెండూ తెరవడానికి సిద్ధంగా పెడతా, 5.5 ట్రేలో పక్కన. పెదవి దగ్గర ఎన్ని సెంటీమీటర్లు అంటే వయసులో సగానికి 12 కలపాలి, పద్నాలుగున్నర. చివరికి రెండు వైపులా స్టెత్ పెట్టి విన్నాకే టేపు. ట్యూబ్ పడకపోతే స్వరపేటిక మీద కూర్చునే లారింజియల్ మాస్క్, 18 కిలోలకి 2 నంబర్. అదీ బయటే ఉంటుంది.

ఉస్మానియా_బిస్కెట్
బోడుప్పల్ బాబుకి 5 నంబర్ పడుతుందని నా పందెం. ఒక చాయ్.

ఓటీ_రెండో_షిఫ్ట్
4.5. టాన్సిల్ పిల్లలు సన్నగా ఉంటారు. రెండు చాయ్‌లు.

నల్లకుంట_బామ్మ
పసివాడి గొంతు మీద పందేలేంట్రా మీరు. అది సరే, మా మనవడికి ఇలాగే పొద్దున ఆపరేషన్ అంటే "ఖాళీ కడుపున ఎలా పంపుతాం" అని వాళ్ల నానమ్మ, నేను కాదు, బిస్కెట్ చాయ్‌లో ముంచి పెట్టేసింది. ఆపరేషన్ సాయంత్రానికి జరిపారు, అప్పటిదాకా అందరూ నానమ్మని తిట్టారు.

ఉస్మానియా_బిస్కెట్
నన్నెందుకు లాగుతారు మధ్యలో.

బోడుప్పల్_నాన్న
మాకు రాత్రి పన్నెండు తర్వాత ఏమీ వద్దన్నారు, నీళ్లతో సహా. పొద్దున పదకొండుకి ఆపరేషన్. అంతసేపు ఎలా?

తలవైపు_కుర్చీ
నీళ్లకి అంత అక్కర్లేదు. మామూలు లెక్క: నీళ్లు రెండు గంటల ముందు దాకా, తల్లిపాలు నాలుగు, ఆవు పాలు, డబ్బా పాలు, తేలిక తిండి ఆరు, నూనె తిండి ఎనిమిది. యూరప్‌లో 2022 నుంచి నీళ్లని గంట ముందు దాకా ఇవ్వమంటున్నారు. చాయ్, పాలు, పలచని మజ్జిగ నీళ్ల కిందికి రావు, బామ్మలు గమనించాలి. పన్నెండు తర్వాత వద్దని చెప్పడం మా వాళ్లకి సులువు, అంతే. ఫోన్ చేసి "పొద్దున నీళ్లు ఎన్నింటిదాకా" అని అడగండి. ఎండిన బిడ్డకి కాన్యులా వేయడం మాకూ కష్టమే.

పన్ను ఏదైనా ఊగుతుందేమో చూడండి. ఐదేళ్లంటే అప్పుడే మొదలు.

సైనిక్‌పురి_అమ్మ
మా పాపకి కింది పన్ను ఊగుతుంటే నిద్రపోయాక వాళ్లే తీసి, చిన్న డబ్బాలో దూదిలో పెట్టి ఇచ్చారు. ఇంట్లో దాన్ని టాన్సిల్ అని అందరికీ చూపించింది.

చింతల్_చిన్నమ్మ
సర్జన్‌కీ, మత్తు డాక్టర్‌కీ అదే నోరు కావాలన్న మాటకి మా కేసు చెప్తా. మా అక్క కొడుకు, రెండేళ్లు. సీతాఫలం తింటూ గింజ మింగాడనుకున్నాం, తీరా అది ఊపిరి గొట్టంలోకి పోయింది. రెండు రోజులు ఒకవైపే పిల్లికూతలు, ఉబ్బసం అని నెబులైజర్ పెట్టారు. ఎక్స్‌రేలో గింజ కనపడలేదు. చివరికి గొట్టం లోపలికి ఇనుప గొట్టం వేసి తీశారు. మత్తు డాక్టర్ ముందే చెప్పాడు, "ట్యూబ్ వేయలేను, అక్కడ సర్జన్ గొట్టం ఉంటుంది. వాడి ఊపిరి వాడే తీస్తుండాలి, అలాగని దగ్గకూడదు." ముప్పై నిమిషాలు. గింజని సీసాలో వేసి ఇచ్చారు. మా ఇంట్లో సీతాఫలం బంద్.

తలవైపు_కుర్చీ
అందులోనే మా పని మొత్తం ఉంది. లోతు తగ్గితే దగ్గు, పెరిగితే ఊపిరి ఆగడం. ఆ మధ్యలో దారం మీద నడవాలి. గింజలు, వేరుశనగపప్పులు ఎక్స్‌రేలో కనపడవు. కనపడలేదని వదలకూడదు.

డేటా_ఏదీ
చివరి ప్రశ్న. మత్తు వల్ల పిల్లల మెదడు దెబ్బతింటుందని చదివాను.

తలవైపు_కుర్చీ
2016 డిసెంబర్‌లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరిక ఇచ్చింది: మూడేళ్ల లోపు పిల్లల్లో మూడు గంటలు మించినా, పదే పదే ఇచ్చినా జాగ్రత్త అని. 2019లో 722 మంది పసిపిల్లల అధ్యయనం వచ్చింది. హెర్నియాకి గంటలోపు సెవోఫ్లూరేన్ ఇచ్చినవాళ్లనీ, మెలకువలో వెన్నులో ఇంజెక్షన్‌తో చేసినవాళ్లనీ ఐదేళ్లప్పుడు పరీక్షించారు. తెలివితేటల్లో తేడా లేదు. ఇక్కడ బిడ్డకి ఐదేళ్లు, ఆపరేషన్ ముప్పావుగంట. గురకలో ప్రతి రాత్రీ ఊపిరి ఆగుతోందే, ఆ మెదడు గురించి నాకు ఎక్కువ దిగులు.

బోడుప్పల్_నాన్న
మరుసటి రోజు సంగతి: ఫోన్ చేస్తే రమ్మన్నారు. అదే డాక్టరమ్మ. ఛాతీ విని "పిల్లికూతలున్నాయి, మూడు వారాలు ఆగుదాం" అంది. నేను పెట్టిన సెలవులు పోయాయి. ఇంట్లో పెద్ద గొడవ, వాయిదా తేదీ ఆషాఢంలో పడుతుందని మా అమ్మ.

నల్లకుంట_బామ్మ
ఆషాఢంలో పెళ్లిళ్లు చేయరు గానీ టాన్సిల్స్‌కేం. తీయించండి.

బోడుప్పల్_నాన్న
ఈసారి ఆవిడని కూర్చోబెట్టి అడిగాను. గ్యాస్ కొలిచే మానిటర్ ఉందా, క్యాప్నోగ్రాఫ్ ఉందా, మొత్తం టైమూ మీరే ఉంటారా, ఏదైనా జరిగితే నాకు చెప్తారా. చివరి ప్రశ్నకి కాసేపు నా వైపు చూసి "చెప్తాను" అంది. బావమరిదికి ఇంకా ఫోన్ చేయలేదు.

తలవైపు_కుర్చీ
మంచిది. గురకలో ఊపిరి ఆగే పిల్లాడు కాబట్టి ఆ రాత్రి ఆసుపత్రిలోనే ఉంచమనండి, వేలికి ప్రోబ్‌తో. ఇంట్లో కొడీన్ ఉన్న దగ్గుమందు ఉంటే పడేయండి. పన్నెండేళ్ల లోపు పిల్లలకి అది వద్దని 2017లోనే ఎఫ్‌డీఏ చెప్పింది.

ఉస్మానియా_బిస్కెట్
మూడు వారాలు దాటింది. బోడుప్పల్ ఎక్కడ?

బోడుప్పల్_నాన్న
నిన్నే ఇంటికొచ్చాం. అయిపోయింది. బోనాల ఆదివారం దాటాక పెట్టారు, వాడికి పోతురాజుని చూడాలని పట్టుదల.

పొద్దున ఎనిమిదిన్నరకి నీళ్లు తాగించాను, వాళ్లని అడిగే. తీయటి మందు ఏదో తాగించారు, ఇరవై నిమిషాల్లో తాగినవాడిలా నవ్వుతూ నర్సు చంకెక్కి వెళ్లిపోయాడు, వెనక్కి కూడా చూడలేదు. మాస్క్‌కి స్ట్రాబెర్రీ వాసన పూసి "బెలూన్ ఊదు" అన్నారట. గంట తర్వాత ఆవిడే బయటికొచ్చింది. ట్యూబ్ తీశాక ఒకసారి గొంతు బిగిసిందని, దవడ ఎత్తి ఆక్సిజన్ పట్టగానే వదిలిందని, శాచురేషన్ 91 కంటే తగ్గలేదని చెప్పింది. నా కాళ్లు వణికాయి గానీ చెప్పినందుకు దండం పెట్టాను. వాడిని పక్కకి తిప్పి పడుకోబెట్టారు. లేచి పది నిమిషాలు ఏడ్చాడు. సైనిక్‌పురి అక్క పోస్టు చదివి ఉండడం వల్ల మా ఆవిడ నిబ్బరంగా ఉంది.

రాత్రి గురక లేదు. ఆ నిశ్శబ్దానికి భయపడి మా నాన్న మూడుసార్లు లేచి వచ్చి చూశాడు. సిగరెట్ ఇప్పుడు గేటు బయట.

ఓటీ_రెండో_షిఫ్ట్
ట్యూబ్ సైజు?

బోడుప్పల్_నాన్న
కాగితం మీద చూసి చెప్తున్నా. 5, బెలూన్ ఉన్నది.

ఉస్మానియా_బిస్కెట్
రెండు చాయ్‌లు. అబిడ్స్‌లో తీసుకుంటా. బాబుకి ఐస్‌క్రీమ్ ఇప్పించారా?

బోడుప్పల్_నాన్న
ఇప్పించాం. స్ట్రాబెర్రీ మాత్రం వద్దన్నాడు. అది తింటే నిద్రొస్తుందట.